గోడలు లేని ఇల్లు: యోహాన్ హిన్‌రిచ్ విఖెర్న్ జీవితము



అడ్వెంటు కాలము రాగానే మన దేవాలయములలో కొన్నింట పచ్చని ఆకుల వలయము అమర్చి, వారమునకొక కొవ్వొత్తి చొప్పున వెలిగిస్తాము. ఈ ఆచారము ఎక్కడ మొదలైందని సండే స్కూలు పిల్లలు అడిగితే మనలో చాలామందిమి జవాబు చెప్పలేము. అది గొప్ప కెథడ్రలులో పుట్టినది కాదు. ఆలనాపాలనా లేక వీధిన పడిన పిల్లల కొరకు ఏర్పడిన ఒక ఇంటిలో పుట్టింది. ఆ ఇంటిని స్థాపించిన దైవజనుడు యోహాన్ హిన్‌రిచ్ విఖెర్న్ గారు. మన డయాసిస్ నూరేండ్ల పండుగ సంచికలో ఆయన జీవితమును సంఘము ముందు ఉంచాలని తలచాము.

దానికి కారణము లేకపోలేదు. మన డయాసిస్ చరిత్ర చెప్పేవారు ఎవరైనా బోర్డింగుల మాట చెప్పక తప్పదు. మన పెద్దలలో అనేకులు బోర్డింగు అన్నము తిని, బోర్డింగు లాంతరు వెలుగులో చదువుకున్నవారే. మేమును ఆ అన్నము తిన్నవారమే. తరువాత కొంతకాలము ఒక బోర్డింగు బాధ్యత చూచిన వారము కూడా. అక్కడ మేము చేసిన పొరపాటు ఒకటి ఈ వ్యాసము చివర చెప్పుకొంటాము. విఖెర్న్ గారి జీవితము చదివిన తరువాతనే ఆ పొరపాటు మాకు తెలిసివచ్చింది.

బాల్యము, చదువు

విఖెర్న్ గారు 1808 ఏప్రిల్ 21న జర్మనీలోని హాంబర్గు రేవు పట్టణములో జన్మించారు. ఏడుగురు పిల్లలలో ఆయనే పెద్దవారు. 1823లో తండ్రి మరణించారు. అప్పటికి ఆయనకు పదిహేనేండ్లు. తల్లికి చేదోడుగా నిలవవలసిన భారము ఆయన మీద పడింది. ఒక ప్రక్క చదువుకుంటూ, మరొక ప్రక్క ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి కుటుంబమునకు సహాయపడ్డారు. తరువాత ఒక ప్రైవేటు పాఠశాలలో సహాయ ఉపాధ్యాయుడుగా పనిచేశారు. ఇంటి ఖర్చు ఎంత, అప్పు ఎంత, రేపటికి రొట్టె ఉన్నదా లేదా అన్న లెక్క ఆయనకు బాల్యములోనే తెలుసు.

మేలుకోరే స్నేహితులు కొందరు ధనసహాయము చేయగా ఆయన 1828లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయములో వేదాంతవిద్యకు చేరారు. 1830లో బెర్లిన్ వెళ్లి ష్లయెర్‌మాఖర్, నెయాండర్ వంటి పండితుల ఉపన్యాసములు విన్నారు. 1832లో హాంబర్గులో పరీక్ష నెగ్గారు. గొప్ప పండితుల పాదముల చెంత కూర్చున్న ఈ యువకుడు ఏ పెద్ద సంఘమునకో బోధకుడై స్థిరపడతాడని అందరూ అనుకొని ఉంటారు. దేవుని చిత్తము వేరుగా ఉన్నది.

సండే స్కూలు చూపిన దారి

హాంబర్గు ప్రక్కన సెయింట్ జార్జ్ అనే పేట ఉన్నది. అక్కడ పాస్టరు రౌటెన్‌బెర్గ్ గారు బీద పిల్లల కొరకు సండే స్కూలు నడిపించేవారు. 1832లో విఖెర్న్ గారు అందులో ఉపాధ్యాయుడైనారు. ఆదివారము పాఠము చెప్పి ఊరకుండక, వారములో ఆ పిల్లల ఇండ్లకు వెళ్లడము మొదలుపెట్టారు. చెమ్మ పట్టిన నేలమాళిగలు, ఒకే గదిలో రెండు మూడు కుటుంబములు, త్రాగుడు, ఆకలి, దొంగతనమునకు పంపబడే పసివారు ఆయనకు కనిపించారు. తాను చూచినదంతా పేరుపేరునా నోటుపుస్తకములో వ్రాసుకున్నారు.

ఆ దర్శనములలో ఆయనకు ఒక సంగతి స్పష్టమైంది. ఆదివారము ఒకటి రెండు గంటలు నేర్పిన మంచిని మిగిలిన ఆరు దినములు తుడిచివేస్తున్నాయి. వాక్యము కంఠస్థము వచ్చిన పిల్లవానికి ముఖము కడుగుకోవడము రాదు, చెప్పిన వేళకు లేవడము రాదు, తనది ఏదో పరునిది ఏదో తెలియదు. అవి నేర్పవలసిన చోటు పాఠశాల కాదు, ఇల్లు. ఆ పిల్లలకు లేనిది సరిగా ఇల్లే.

ఆ రోజులలో దిక్కులేని పిల్లలకు ఉన్న ఆశ్రయములు ముఖ్యముగా రెండు రకములు. ఒకటి వందలమందిని ఒకే కప్పు క్రింద ఉంచే అనాథశాల. రెండవది నేరము చేసినవారిని మూసివేసే జైలు. విఖెర్న్ గారు ఈ రెండూ కాని దానిని కోరారు. 1833 సెప్టెంబరు 12న పట్టణ ప్రముఖుల సభలో తన ఆలోచనను వివరించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరువది ఐదేండ్లు మాత్రమే. కార్ల్ సీవెకింగ్ అనే పట్టణ అధికారి హోర్న్ అనే గ్రామములో తనకున్న స్థలమును, అందులోని చిన్న పాత ఇంటిని ఇచ్చారు. ఆ ఇంటికి రౌహెస్ హౌస్ అని పేరు. ఆ మాటకు గరుకు ఇల్లు అని అర్థము వస్తుంది గాని, రూగె అనే పాత యజమాని పేరే కాలక్రమమున అలా మారిందని చెబుతారు.

గోడను త్రవ్విన పిల్లలు

1833 అక్టోబరు 31, మతసంస్కరణ దినమున, విఖెర్న్ గారు తల్లితోను చెల్లెలితోను ఆ ఇంటిలో కాపురము పెట్టారు. ఇది గమనించదగిన విషయము. ఆయన మొదట ఒక సంస్థను తెరువలేదు, ఒక కాపురము పెట్టారు. నవంబరులో మొదటి పిల్లలు వచ్చారు. సంవత్సరాంతమునకు పన్నెండుమంది మగపిల్లలు చేరారు. అందరిలో చిన్నవానికి అయిదేండ్లు, పెద్దవానికి పద్దెనిమిది. పన్నెండేండ్ల పిల్లవాడు ఒకని పేరున పోలీసు పుస్తకములో తొంబది రెండు దొంగతనములు వ్రాయబడి ఉన్నాయి. వీరిని న్యాయస్థానము శిక్షగా పంపలేదు. తల్లిదండ్రులతో గాని పెద్దలతో గాని మాట్లాడి, వారి ఇష్టముతోనే తీసుకొన్నారు.

క్రొత్తగా వచ్చిన ప్రతి పిల్లవానితో విఖెర్న్ గారు ఏకాంతముగా మాట్లాడేవారు. నీ గత జీవితమంతయు క్షమింపబడింది, ఈ ఇంటిలో ఎవరును దానిని నీ ఎదుట ఎత్తరు అని తెలియజేసేవారు. పిల్లలు తమలో తాము కూడా పాత కథలు చెప్పుకొనరాదని నియమము పెట్టారు. క్షమాపణ అనేది ప్రసంగ వేదిక మీది మాటగా కాక, ఇంటి గడప మీద మొదటి మాటగా ఉన్నది.

ఆ ఇంటి చుట్టూ పూర్వము నుండి మట్టిగట్టు ఒకటి ఉండేది. ఇక్కడ గోడ, అగడ్త, గడియ ఏదియు ఉండదని, ప్రేమ అనే బంధము ఒక్కటే మిమ్ములను కట్టి ఉంచుతుందని ఆయన పిల్లలకు చెప్పారు. ఆ మాట నిజమని చూపుటకు ఆ గట్టును వారి చేతనే త్రవ్వించి చదును చేయించారు. పారిపోవడము అలవాటైన పిల్లలు తమ్మును ఆపగల గట్టును తామే తొలగించారు. దానితో పారిపోయేవారు లేకుండా పోయారని మేము చెప్పము, కొందరు పారిపోయారు కూడా. అయినను ఆయన గోడ మరల కట్టలేదు.

పన్నెండుమందికి ఒక ఇల్లు

పిల్లలు పెరిగేకొద్దీ పెద్ద భవనము కట్టడము సులభమైన పని. వంట ఒకచోట, పడక ఒకచోట, ఖర్చు తక్కువ. విఖెర్న్ గారు అలా చేయలేదు. ఒక ఇంటికి సుమారు పన్నెండుమందికి మించరాదని నిర్ణయించారు. 1834లో రెండవ ఇల్లు లేచింది. దాని నిర్మాణములో పిల్లలే చేతులు వేశారు. 1835లో ఆడపిల్లలకు కూడా ఇల్లు ఏర్పడింది. కాలక్రమమున ఆ తోటలో ఇండ్లు ఒక చిన్న ఊరివలె వెలిశాయి. తేనెపట్టు, వానకోవెల గూడు, జాలరి గుడిసె అని వాటికి ముద్దుపేర్లు. నంబరు గది నుండి వచ్చానని చెప్పుకొనే పిల్లవానికి, వానకోవెల గూటిలో ఉంటానని చెప్పుకొనే పిల్లవానికి ఎంత భేదము!

ప్రతి ఇంటిలో పిల్లలతోపాటు ఒక యువకుడు నివసించేవాడు. ఆయనను సహోదరుడు అని పిలిచేవారు, వార్డెన్ అని కాదు. వారు తినేది తిని, వారు పడుకొనే ఇంటిలోనే పడుకొని, వారితో కలిసి పని చేసేవాడు. ఇట్టి సహోదరులకు తగిన శిక్షణ ఉండాలని ఆ ఇంటిలోనే ఒక శిక్షణాలయము ఏర్పడింది. ప్రొటెస్టెంటు సంఘములలో పురుష డీకనుల పరిచర్య పుట్టిన చోట్లలో ఇది ముఖ్యమైనది. పిల్లలను చూడడానికి మంచి మనసు చాలును అని ఆయన అనుకోలేదు. నేర్చుకొని చేయవలసిన పని అని ఎంచారు. ఒక్కొక్క పిల్లవాని సంగతి విడివిడిగా వ్రాసి ఉంచేవారు.

ఈ ఇండ్లలో పిల్లలు నేర్చినది ఏమిటి? చదువు, ప్రార్థన, పాట ఉన్నవి. పాటకు అక్కడ చాలా పెద్ద స్థానము. వాటితోపాటు తోట త్రవ్వడము, కూరగాయలు పండించడము, కుట్టుపని, చెప్పులు కుట్టడము, వడ్రంగము, రొట్టె కాల్చడము, పుస్తకములకు అట్టలు కట్టడము నేర్చుకొన్నారు. 1842లో అచ్చుకూటము కూడా వచ్చింది. పనిశాలలున్న ఇంటికి, చేతిపనికి బంగారు నేల ఉన్నదనే జర్మన్ సామెతను బట్టి, బంగారు నేల అని పేరు పెట్టారు. ఈ పనులకు రెండు ప్రయోజనములు. మొదటిది, బయటకు పోయినప్పుడు ఒక మేస్త్రీ దగ్గర పనికి కుదరగలగడము. రెండవది, తాను కాల్చిన రొట్టెను తన ఇంటివారు తినగా చూచినప్పుడు, తానును ఒకరికి అక్కరకు వచ్చేవాడనే గ్రహింపు. ఇతరులను దోచుకొని బ్రతికిన బిడ్డకు ఈ రెండవది మొదటి దానికంటె అవసరము. పిల్లలు పనికి కుదిరి వెళ్లిన తరువాత కూడా వారి బాగోగులు కనుక్కొనేవారు.

1835లో విఖెర్న్ గారు అమాండా బ్యోమె గారిని వివాహమాడారు. ఆమెయు సెయింట్ జార్జ్ సండే స్కూలు ఉపాధ్యాయురాలే. అంతటి ఇంటికి ఆమె తల్లిగా నిలిచారు.

బండి చక్రము మీది దీపములు

ఇక అడ్వెంటు వలయము సంగతి. క్రిస్మస్ ఎప్పుడు వస్తుందని పిల్లలు దినదినము అడిగేవారట. 1839లో విఖెర్న్ గారు ఒక పాత బండి చక్రమును తెచ్చి, దాని మీద ఇరువది చిన్న ఎర్ర కొవ్వొత్తులు, నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు అమర్చారు. వారపు దినమునకు చిన్నది, ఆదివారమునకు పెద్దది. దినమునకొకటి వెలిగించేకొద్దీ పండుగ ఎంత దగ్గరకు వచ్చిందో పిల్లలు తామే లెక్కపెట్టుకొనేవారు. నేటి మన నాలుగు కొవ్వొత్తులు ఆ చక్రమునకు సంక్షేపమే. మనకు అది ఆరాధనలోని అలంకారము. ఆ పిల్లలకు అది ఎదురుచూడడము నేర్పిన పాఠము కూడా. రేపు అనేది ఉన్నదని, అది చెప్పిన ప్రకారము వస్తుందని ఎరుగని బిడ్డలకు ఇది చిన్న పాఠము కాదు.

1842 మే 5 నుండి 8 వరకు హాంబర్గు పట్టణము అగ్నికి ఆహుతి అయింది. సుమారు ఇరువది వేలమంది నిలువ నీడ లేనివారైనారు. రౌహెస్ హౌస్ పిల్లలు మంటలార్పడములో సహాయము చేశారని, కూలి పుచ్చుకొనలేదని, ఆ గందరగోళములో పారిపోక ఇంటికి తిరిగి వచ్చారని ఆనాటి వృత్తాంతములు తెలుపుతున్నాయి. అదే 1842లో, జూలై 31న, ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు చేరారు. మన తెలుగుదేశములో మిషను బడులు మొలకెత్తుచున్న కాలమున అక్కడ ఈ ఇల్లు వేరూనిందని కాలము గుర్తు పెట్టుకొనుటకు ఈ మాట చెప్పాము.

వెలుగు, నీడ

విఖెర్న్ గారి పేరు దేశమంతట వ్యాపించింది. ఫ్రాన్సు నుండి డెమెత్జ్ గారు వచ్చి చూచి వెళ్లి, తమ దేశములో మెత్రే అనే చోట పిల్లల కొరకు పని స్థాపించారు. 1848లో ఎగువ సిలీషియా ప్రాంతములో టైఫస్ జ్వరము వ్యాపించి వేలాది పిల్లలు అనాథలైనప్పుడు, విఖెర్న్ గారు సహోదరులతో అక్కడికి వెళ్లి వారి సంరక్షణకు పాటుపడ్డారు. అదే సంవత్సరము సెప్టెంబరు 22న విట్టెన్‌బెర్గ్‌లో జరిగిన సంఘ మహాసభలో, విశ్వాసము ఎంత అవసరమో ప్రేమ క్రియ కూడా సంఘమునకు అంత అవసరమని వాదించారు. ఆ ప్రసంగ ఫలితముగా ఇన్నర్ మిషను కేంద్ర సంఘము ఏర్పడింది. నేటి జర్మనీ సంఘముల సేవాసంస్థ డయకొనీకి అది ఒక మూలము.

దైవజనుల జీవితమును వ్రాసేటప్పుడు నీడలను దాచడము మంచిది కాదు. బీదరికమునకు మూలము ప్రధానముగా అవిశ్వాసములోను, నీతి పతనములోను ఉన్నదని విఖెర్న్ గారు ఎంచారు. చాలని కూలిని, మితిలేని పనిగంటలను, నివాసయోగ్యము కాని ఇండ్లను ఆయన చూడకపోలేదు గాని, వాటిని మార్చే రాజకీయమును అనుమానముతో చూచారు. 1857లో ప్రష్యా ప్రభుత్వము జైళ్ల సంస్కరణకు పిలువగా, సహోదరులను జైలు కావలివారిగా నియమించడమునకు ప్రయత్నించి చాలా విమర్శకు గురియైనారు. 1858లో బెర్లిన్‌లో యోహానెస్ స్టిఫ్ట్ స్థాపించారు. ఆ సంవత్సరములలో హాంబర్గుకు, బెర్లిన్‌కు మధ్య ఆయన కాలము చీలిపోయింది. తుదకు పక్షవాతముచేత శక్తి ఉడిగి, రౌహెస్ హౌస్ బాధ్యతను కుమారునికి అప్పగించారు. 1881 ఏప్రిల్ 7న హాంబర్గులో ప్రభువునందు నిద్రించారు. 1943 బాంబుదాడులలో ఆ ఇండ్లు చాలా వరకు కూలిపోయినను, ఆ పరిచర్య నేటికిని సాగుచున్నది.

ఇంకొక నీడ ఆయన మరణానంతరము పడింది. 1949 మొదలు 1975 వరకు పశ్చిమ జర్మనీలోని పిల్లల గృహములలో, సంఘముల గృహములలో కూడా, ఎందరో పిల్లలు దెబ్బలు తిన్నారని, కూలి లేని చాకిరి చేశారని తరువాత బయటపడింది. 2009, 2010 సంవత్సరములలో ప్రభుత్వము, సంఘములు, బాధితులు కూర్చొని విచారించి నివేదిక వెలువరించారు. పనిశాల మిగిలి, ఇల్లు పోయిన చోట ఇట్లే జరుగుతుంది. పిల్లలకు పని నేర్పడము వేరు, పిల్లలచేత పని చేయించుకోవడము వేరు. మొదటి దానిలో నేర్చిన పని పిల్లవానితో కూడా వెళ్తుంది. రెండవ దానిలో పని సంస్థకు మిగులుతుంది, పిల్లవాడు వట్టి చేతులతో వెళ్తాడు.

మన ఇంటి సంగతి

ఇప్పుడు మా పొరపాటు చెప్పుకొంటాము. మేము బోర్డింగు బాధ్యత చూచిన నాలుగేండ్లు అంతా క్రమముగా ఉన్నదని సంతోషించాము. గంట మ్రోగితే పిల్లలు లేచేవారు, గంట మ్రోగితే తినేవారు, గంట మ్రోగితే ప్రార్థనకు వచ్చేవారు. స్టోరు గది తాళము మా జేబులోనే ఉండేది. దానిని ఒక్కనాడైనను ఏ పిల్లవాని చేతికి ఇవ్వలేదు. ఆ పిల్లలలో ఒకడు పదవ తరగతి మంచి మార్కులతో నెగ్గి, టౌనులో గది తీసుకొని ఇంటర్ చదువుకు వెళ్లాడు. ఒక నెల తిరగకముందే మా ఇంటికి వచ్చి తల వంచుకొని నిలబడ్డాడు. నెలకు సరిపోవలసిన డబ్బు పదిరోజులలో అయిపోయింది. గిద్దెడు బియ్యమునకు ఎన్ని నీళ్లు పోయాలో తెలియక కొన్ని రోజులు బ్రెడ్డుతో గడిపాడు. జ్వరము వస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో ఓ.పీ. చీటీ ఎక్కడ వ్రాయించుకోవాలో అడుగుటకు భయపడ్డాడు. కీర్తనలు మాత్రము పది కంఠతా వచ్చు. వానిలో లోపము లేదు. పది సంవత్సరములు మన మధ్య పెరిగిన బిడ్డకు మేము గంటను ఇచ్చాము గాని తాళమును ఇవ్వలేదు.

కన్నవారి ఇంటిలో బిడ్డ ఇవన్నీ ఎవరూ నేర్పకనే నేర్చుకొంటాడు. అమ్మ ప్రక్కన కూర్చొని బియ్యము ఏరుతాడు, నాయన వెంట సంతకు వెళ్తాడు, దుకాణములో చిల్లర తప్పు తెచ్చి మాట పడతాడు. తప్పు చేసి, దిద్దుకొని, మరల నమ్మబడడము ఇంటి పాఠము. విఖెర్న్ గారు ఆ పాఠమును ఇల్లు లేని బిడ్డకు అందించారు. అందుకే ఆయన పన్నెండు సంఖ్యను దాటనివ్వలేదు. నూరుమందికి గంట కావాలి, పన్నెండుమందికి పిలుపు చాలును.

ఈనాడు మన దేశపు చట్టము కూడా ఈ వైపే చూపుచున్నది. 2015 నాటి బాల న్యాయ చట్టము పిల్లలను సంస్థలో ఉంచడము చివరి మార్గముగానే ఉండాలని చెబుతుంది. పద్దెనిమిదేండ్లు నిండి సంస్థను విడిచేవారు సమాజములో కుదురుకొనుటకు ఆర్థిక సహాయమునకు వీలు కల్పించింది. కనుక మొదట అడగవలసిన ప్రశ్న, ఈ బిడ్డ తన ఇంటిలోనే ఉండుటకు మన సంఘము ఏమి చేయగలదు అన్నది. తప్పనిసరిగా మన దగ్గరకు వచ్చిన బిడ్డకు మన బోర్డింగును ఇల్లుగా మార్చవలసి ఉన్నది.

అందుకు గొప్ప నిధులు అక్కరలేదు. పిల్లలను పది, పన్నెండుమంది జట్లుగా చేసి, ఒక్కొక్క జట్టుకు ఒక అన్ననో అక్కనో ఇవ్వవచ్చును. వారమునకు ఒక పూట ఆ జట్టే సరుకులు కొని, వండి, లెక్క వ్రాయవచ్చును. మగపిల్లలు కూడా గుండీ కుట్టుకోవడము, ఆడపిల్లలు కూడా బ్యాంకు ఫారము నింపడము నేర్వవచ్చును. సంఘములోని కుటుంబములు ఒక్కొక్క బిడ్డను నెలకొక ఆదివారము భోజనమునకు పిలిచి, అతిథివలె కాక ఇంటి బిడ్డవలె వంటింటిలోనికి రానివ్వవచ్చును. లెక్క తప్పుతుంది, అన్నము మాడుతుంది. తప్పనివ్వండి, మాడనివ్వండి. మన ఇంటిలో మాడిన అన్నము వాని రేపటి అన్నము.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఉద్యోగము చేసుకుంటున్నాడు. టౌనులో ఆ రోజులలో మా ఇంటి వంటగదిలో మా ఇంటివారి దగ్గర వంట నేర్చుకొన్నాడు. మేము బోర్డింగులో చేయవలసిన పనిని ఆమె వంటగదిలో చేశారు.

రాబోయే అడ్వెంటులో మన దేవాలయములలో మొదటి కొవ్వొత్తిని మన బోర్డింగు బిడ్డ ఒకరి చేత వెలిగింపజేద్దాము. ఆ సాయంకాలమే స్టోరు గది తాళమును కూడా వారి చేతికి ఇద్దాము. దిక్కులేనివారికి తండ్రియైన దేవుడు మన నూరేండ్ల పరిచర్యను మన్నించి, రానున్న దినములలో మన సంస్థలను ఇండ్లుగా మార్చును గాక. ఆమేన్.